దొరబాబు పారిపోలేదు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి ఆస్తీ కాజేయలేదు. ఒక కుందేలు విషయంలో అబద్ధమాడాను. ఓస్, ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. మొదట్లో నాకూ అలాగే అనిపించేది. అలా అనిపించడం ఎప్పుడు ఆగిపోయిందో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పుకురావాలి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. తెలిసినవాళ్లకు ఇన్నేళ్లూ చెప్పలేకపోయాను కాబట్టే మీకు చెబుతున్నాను.

మాది రాజమండ్రి. నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. మా వారిది మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే ఉద్యోగం. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండరు. మాకు ఒక్కతే అమ్మాయి, హారిక. మేముండేది కింది వాటా. వెనక కాస్త పెరడు, పెరట్లోంచి సందులోకి ఒక రేకు తలుపు. మా అత్తగారు చనిపోయిన ఏడాదే మావయ్యగారు మండపేటలో స్టీలు సామాన్ల కొట్టు అమ్మేసి మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో ఆయనకు ఏం చెయ్యాలో తోచేది కాదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొట్టుకు బయలుదేరే మనిషిలాగే ముందుగదిలో కూర్చునేవారు. కాసేపటికి లేచి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేసేవారు.

కుందేలు వచ్చింది హారిక కోసం. పుట్టినరోజుకు కావాలని ఏడిస్తే మా వారు రెండు పిల్లల్ని తెచ్చారు. ఒకటి వారం తిరక్కుండానే చచ్చిపోయింది. నడుము మీద గోధుమరంగు మచ్చ ఉన్నది బతికింది. అరచేతిలో ఇమిడేంత ఉన్నప్పుడు అందరికీ ముద్దే. కొన్ని నెలలు గడిచేసరికి అది వేరే జంతువైపోయింది. పెరట్లోకి ఎవరు వెళ్లినా కాళ్ల చుట్టూ గుండ్రంగా తిరిగేది, తిరిగి తిరిగి మడమ కొరికేది. ఎత్తుకోబోతే గుర్రుమనేది. కుందేలు గుర్రుమంటుందని నాకు అంతవరకూ తెలియదు. తీగ మీంచి వేలాడే బట్టల మీద ఉచ్చ చిమ్మేది. ఇంట్లో దూరితే వైర్లు కొరికేది. కోపం వస్తే వెనక్కాళ్లతో నేలను దబదబా బాదేది. ఎవరి మాటా వినదని మా వారే దానికి దొరబాబు అని పేరు పెట్టారు. రెండుసార్లు కరిపించుకున్నాక హారిక దాని జోలికి వెళ్లడం మానేసింది.

మావయ్యగారిని మాత్రం అది కరిచేది కాదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆయన దాన్ని ఎత్తుకునేవారు కాదు, నిమిరేవారు కూడా కాదు. పెరట్లో పీట వేసుకుని కూర్చుని ఊరికే మాట్లాడేవారు. స్టీలు ధరల గురించి, పెళ్లి సారెల కోసం బిందెలు కొనడానికి వచ్చి బేరమాడే రైసుమిల్లుల వాళ్ల గురించి, మా అత్తగారి గురించి. అది అటూ ఇటూ గెంతి గెంతి చివరికి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడుకునేది. పొద్దున్నే మార్కెట్టుకు వెళ్లి, కాలీఫ్లవర్లకు ఒలిచి పారేసే ఆకులు, ముల్లంగి ఆకులు అడిగి తెచ్చేవారు. వడ్రంగి చేత చెక్కగూడు చేయించారు, దానికి జాలీ తలుపు, గొళ్లెం పెట్టించారు. మధ్యాహ్నం భోజనానికి ముందు దాన్ని గూట్లోకి పంపి, గొళ్లెం వేసి, ఓసారి లాగి చూసి మరీ వచ్చేవారు. జీవితమంతా కొట్టు తాళాన్ని అలా లాగి చూసిన మనిషి. ఇస్త్రీ చొక్కా మళ్లీ సాయంత్రం దాకా ఒంటి మీదే ఉండడం మొదలైంది.

పశువుల డాక్టరుగారికి చూపించాం. ఇది మగది, వయసుకొచ్చింది, ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తుంది, కానీ కుందేళ్లకు చెయ్యడం నాకు అలవాటు లేదు, విశాఖపట్నం తీసుకెళ్లండి అన్నారాయన. మావయ్యగారు రైల్లో తనే తీసుకెళ్తానన్నారు. మా వారు చూద్దాం అన్నారు. కుందేలుకు ఆపరేషనేంటి, నలుగురూ నవ్వుతారు అన్నాను నేను. ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

ఒక ఆదివారం గంజి వారుస్తుంటే వెనకనుంచి వచ్చి మడమ కొరికింది. ఉలిక్కిపడ్డాను. గంజి పాదం మీద ఒలికి బొబ్బలెక్కింది. మావయ్యగారు మందు తెచ్చిచ్చారు. ఇచ్చి, "చీర కుచ్చిళ్లు కదిలితే దానికి బెదురమ్మా, పాపం" అన్నారు.

పాపం అన్నది కుందేలును. దాన్ని వదిలించుకోవాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

నిజంగా కాలు కాలినందుకేనా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఆ ఇంట్లో ఆయనకు వండిపెట్టేది నేను, మందులు గుర్తుచేసేది నేను, షుగరు పరీక్షకు ఆటోలో తీసుకెళ్లేది నేను. నాతో ఆయన రోజు మొత్తంలో మాట్లాడేది నాలుగు మాటలు. అమ్మాయ్ కాఫీ, అమ్మాయ్ పేపరు. మంచివారే, ఒక్కనాడు గొంతెత్తలేదు. కానీ పెరట్లో కుందేలు ముందు కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పే మనిషి, నేను కాలు కాల్చుకుంటే దాన్ని పాపం అన్నారు. అసూయ అని రాయడానికి సిగ్గేస్తోంది. కుందేలు మీద అసూయేమిటి? అయినా అదీ కొంత ఉంది. దాచి లాభం లేదు.

ఎవరికైనా ఇచ్చేద్దామని మొదట తెలిసిన ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. కరుస్తుందని ఉన్నదున్నట్టు చెప్పాను. అందరూ నవ్వి వద్దన్నారు. ఆ తర్వాత మా ఆఫీసులో అనూరాధను అడిగినప్పుడు కరుస్తుందన్న మాట ఎత్తలేదు. వాళ్ల అన్నయ్యకు జంగారెడ్డిగూడెం దగ్గర పామాయిల్ తోట ఉంది, తోటలోనే ఇల్లు, ఇద్దరు చిన్నపిల్లలు. "పిల్లలతో బాగా ఉంటుందాండీ?" అని అడిగింది. చాలా మెత్తనిదండీ, మా హారిక చేతుల్లో పెరిగింది అన్నాను. మా పాపకు చదువులు పెరిగి తీరిక లేక ఇస్తున్నామన్నాను. అంత తేలిగ్గా ఎలా అనగలిగానో తెలియదు. మొదటి అబద్ధానికి గొంతు వణుకుతుందని అంటారు. నాకు వణకలేదు.

అనూరాధ అన్నయ్య ఒక శుక్రవారం పనిమీద కొవ్వూరు వస్తున్నాడని తెలిసింది. ఆ రోజు మావయ్యగారికి కంటి డాక్టరు దగ్గర పని ఉంది. నేను ఆఫీసులో కాసేపు పర్మిషన్ అడిగి ఇంటికి వచ్చి, ఆలస్యమైతే ఆకలికి ఆగలేరని ఆయనకు పెందరాళే అన్నం పెట్టి పంపాను. వెళ్లేముందు ఆయన ఎప్పటిలాగే దొరబాబును గూట్లో పెట్టారు, గొళ్లెం వేశారు, లాగి చూశారు. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను.

ఆయన వీధి మలుపు తిరగ్గానే గూడు తీశాను. పాత దుప్పటి విసిరి, దాన్ని చుట్టి అట్టపెట్టెలో కుక్కాను. చేతి మీద రెండుచోట్ల గీరింది. ఆటో ఎక్కి వంతెన మీదుగా కొవ్వూరు బయలుదేరాను. ఒళ్లో పెట్టె దబదబా మోగుతూనే ఉంది. ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏంటండీ అందులో?" అని అడిగాడు. మిక్సీ అండి, రిపేరుకు అన్నాను. అతను ఇంకేం అడగలేదు. కింద గోదావరి నిండుగా ఉంది. నాకు భయం వెయ్యలేదు, బాధ కూడా వెయ్యలేదు. ఆఫీసుకు ఎన్నింటికి తిరిగి వెళ్లగలనా అని లెక్క వేసుకుంటున్నాను. పెట్టె అందుకున్న మనిషి నాకు దండం పెట్టి, పిల్లలు నిన్నటి నుంచీ ఎదురుచూస్తున్నారండీ అన్నాడు.

ఇక, ఎవరికీ చెప్పనిది. బయలుదేరేముందు నేను గూటి తలుపు బార్లా తెరిచి ఉంచాను. సందులోకి వెళ్లే రేకు తలుపు ఓరగా తీసిపెట్టాను. రెంటికీ మధ్య నాలుగు ముల్లంగి ఆకులు చల్లాను, అది తింటూ తింటూ వెళ్లిపోయినట్టు కనబడాలని. గొళ్లెం తనంతట తాను ఊడదు, వేయడం ఎవరో మరిచిపోయి ఉండాలి, ఆ ఎవరో ఎవరవుతారు అన్నది నేను ఆలోచించలేదా? ఆలోచించాను. పెద్దవారు, మరిచిపోయారనుకుంటారు, ఎవరూ ఏమీ అనరు అని కూడా అనుకున్నాను. అదే నా లెక్క.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మావయ్యగారు పెరట్లో నిలబడి ఉన్నారు. కళ్లలో మందు వేశారేమో, ఎర్రగా ఉన్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

"దొరబాబు లేడమ్మా" అన్నారు.

"అదేంటండీ, గూట్లో లేదా?"

"గూడు తీసుంది. నేను గొళ్లెం పెట్టానమ్మా. పెట్టి లాగి చూశాను." నా వైపు తిరిగారు. "నువ్వు చూశావా, నేను పెట్టడం?"

అదే ఆ క్షణం. ఎన్నోసార్లు వెనక్కి వెళ్లి ఆ పెరట్లో నిలబడతాను. చూశానండీ, మీరు పెట్టారు అని ఒక్క మాట అని ఉంటే చాలు. కుందేలు ఎలా పోయిందో నేను చెప్పనక్కర్లేదు కూడా. ఎవరైనా ఎత్తుకెళ్లి ఉంటారని వదిలేసేవారు.

"నేను చూడలేదు మావయ్యగారూ" అన్నాను. "డాక్టరు దగ్గరికి తొందరలో ఉన్నారు కదా. మర్చిపోయుంటారు."

ఆయన గొళ్లెం వైపు చూశారు. "అయ్యుండొచ్చమ్మా" అన్నారు.

ఆ రాత్రి ఊరినుంచి వచ్చిన మా వారితో మాత్రం గట్టిగానే, పెట్టానురా అన్నారు. మా వారు నవ్వేసి, పోనీలే నాన్నా, వయసన్నాక మర్చిపోమా అన్నారు. మావయ్యగారు ఆ తర్వాత వాదించలేదు. వారం రోజులు వీధులన్నీ తిరిగారు. చేతిలో ముల్లంగి ఆకుల కట్ట, కాలవ తూముల దగ్గర వంగి చూస్తూ, దొరబాబూ, దొరబాబూ అని పిలుస్తూ. వెనక వీధిలో ఇస్త్రీ బండి అతని పేరూ దొరబాబేనట. పరుగెత్తుకొచ్చి, "నన్నేనాండీ పిలిచారు?" అన్నాడట. మావయ్యగారు ఆ మాట ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పారు. మేమందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నెల తిరక్కుండా అనూరాధ నా బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్ల అన్నయ్య చిన్నకొడుకు వేలును కుందేలు కొరికేసిందని, కుట్లు పడ్డాయని చెప్పింది. "మెత్తనిదన్నారు కదండీ?" అంది, కోపంగా కాదు, అర్థంకానట్టుగా. మా ఇంట్లో ఎప్పుడూ కరవలేదండీ అన్నాను. అప్పటికి నా పాదం మీద మచ్చ ఇంకా పోలేదు. దాన్ని ఏం చేశారని అడిగితే, అటుపక్క ఎవరిదో కుందేళ్ల ఫారం ఉంటే వాళ్లకు ఇచ్చేశారని చెప్పింది. కుందేళ్ల ఫారంలో కుందేళ్లను దేనికి పెంచుతారో నాకు తెలుసు. ఇంకేమీ అడగలేదు. ఆ రోజు ఇంటికి వెళ్లేసరికి మావయ్యగారు ఖాళీ గూటిని నీళ్లతో కడుగుతున్నారు. ఒకవేళ వస్తే, అన్నారు.

నేను అనుకున్న లెక్కలో కథ అక్కడ ముగిసిపోవాలి. ముగియలేదు. ఒకరోజు నీళ్ల మోటారు ఆపడం మరిచిపోయారు, ట్యాంకు పొర్లిపోయింది. నేనూ ఎన్నోసార్లు మరిచిపోయాను, మా వారూ మరిచిపోయారు. కానీ మావయ్యగారు మరిచిపోతే మా వారు నాతో మెల్లగా, "మొన్న కుందేలు, ఇవాళ మోటారు" అన్నారు. కళ్లజోడు వెతుక్కుంటే అదీ ఆ లెక్కలోకే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఏవేవో ప్రశ్నలు అడిగి, ఈ వయసుకు బాగానే ఉన్నారండీ అన్నారు. రోజూ చూసేది మనం కదా అన్నారు మా వారు, బయటికి వచ్చాక. స్టవ్ ముట్టుకోవద్దన్నాం. బ్యాంకు కార్డు మా వారు దగ్గర పెట్టుకున్నారు. అన్నీ ప్రేమతోనే. అది గుర్తుంచుకోండి, మా వారు తండ్రిని ప్రేమించిన మనిషి. నా ఒక్క మాటను నిజమనుకుని దాని మీద అంత జాగ్రత్తా కట్టుకుంటూ వచ్చారు.

మావయ్యగారు కూడా నమ్మేశారు. అదే నేను ఊహించనిది. ఎవరైనా వస్తే తనే ముందు, "నాకు మతిమరుపు వచ్చిందండి" అని చెప్పేవారు. గది తలుపు వేసుకుని, మళ్లీ వచ్చి, వేశానా అమ్మా అని నన్నే అడిగేవారు. నన్నే. వేశారండీ అని ఎంత శ్రద్ధగా చెప్పేదాన్నో.

మండపేటలో ఆయనతోపాటు కొట్లు నడిపిన స్నేహితులు నలుగురు కార్తీకమాసంలో కాశీ వెళ్దామని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. అత్తగారు బతికున్నప్పుడు కాశీ కాశీ అనేవారట. కొట్టు మూయడం కుదరక మావయ్యగారు వాయిదా వేస్తూ వచ్చారు. ఆమె అస్థికలు గోదావరిలో కలిపినా, కాశీలో ఆమె పేరున పిండం పెట్టాలని ఆయనకు ఉండేది. టిక్కెట్లు కొన్నారు. సంచీ కూడా సర్దుకున్నారు. రెండ్రోజుల ముందు, తను రానని స్నేహితులకు ఫోన్ చేశారు. "అంత జనంలో నేనెక్కడో తప్పిపోతే మీకు యాత్ర చెడుతుందిరా" అంటుంటే విన్నాను. నేను చేతిలో పప్పు గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆయన ఫోను పెట్టేసి, "పప్పులో ఉప్పు సరిచూడమ్మా, పొద్దున్న తగ్గింది" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఎందుకు చెప్పలేదు? తిడతారని కాదు. ఆయన తిట్టేవారే కాదు. నన్ను చూసే చూపు మారిపోతుందని. మంచి కోడలని చుట్టాల్లో నాకు పేరు. ఆ పేరు కోసం ఆయనకు కాశీ దక్కకుండా చేశాను. దీనికి ఇంతకన్నా గౌరవమైన కారణం వెతికాను. దొరకలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పోయారు. ఆస్పత్రిలో మాట్లాడగలిగిన చివరి రోజుల్లో హారిక వచ్చి పక్కన కూర్చుంది. అప్పటికి ఇంటర్లోకి వచ్చింది. దాని చెయ్యి పట్టుకుని, "నీ కుందేల్ని పోగొట్టేశానే. గుర్తులేక చేశాను. ఏమనుకోకు" అన్నారు. హారికకు ఆ కుందేలు అసలు గుర్తుందో లేదో. పోనీలే తాతయ్యా అంది. నేను పక్కనే బార్లీ నీళ్లు చల్లారుస్తున్నాను. గ్లాసులోంచి గ్లాసులోకి పోస్తూనే ఉన్నాను. అవి ఎప్పుడో చల్లారిపోయాయి.

ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా వారికి యాభై దాటాయి. ఈమధ్య ఆయన నానబెట్టిన అక్రోట్లు తింటున్నారు. ఫోనులో జ్ఞాపకశక్తి ఆటలు ఆడుతున్నారు. నేను పట్టించుకోలేదు. పోయిన ఆదివారం కూరగాయలకు వెళ్లి బండి తాళం బండికే వదిలేసి వచ్చారు. తిరిగి వెళ్లి తెచ్చుకుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని తాళాన్ని చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. తర్వాత, "నాన్నకీ ఇలాగే మొదలైంది" అన్నారు. ఆయన ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. ఈ జబ్బు తండ్రినుంచి కొడుక్కి వస్తుందట, రేపు హారికకు కూడా, అంటున్నారు.

చెప్పేశాను. వరస లేకుండా చెప్పాను. వంతెన ముందు, ముల్లంగి ఆకులు తర్వాత, ఫారం మాట మధ్యలో. ఆయన నన్ను ఆపలేదు. అంతా అయ్యాక, "నాన్న నాతో చెప్పారు. పెట్టానురా అని. మొదటి రోజే చెప్పారు" అన్నారు. అంతే. లేచి వెళ్లి మావయ్యగారు వాడిన గదిలో కూర్చున్నారు. తండ్రిని నమ్మలేదన్న బాధ ఇప్పుడు ఆయనకు మొదలైంది. అదీ నేను పెట్టిందే. నిజం చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను కానీ, కొంత ఆయన నెత్తిన పడుతుందని అనుకోలేదు.

అప్పటినుంచీ అవసరమైనంతవరకే మాట్లాడుతున్నారు. క్షమించమని నేను అడగలేదు. క్షమించే హక్కు ఉన్నది మావయ్యగారికే, ఆయన లేరు. అనూరాధ అన్నయ్య కొడుకు ఇప్పుడు ఎంతవాడయ్యాడో. వాళ్లకూ చెప్పాలి. అనూరాధ ఉద్యోగం మారింది కానీ నంబరు నా దగ్గరుంది. దొరబాబుకు చెప్పుకునేది ఏమీ లేదు. కరవడం దాని స్వభావం, దానికో విరుగుడు కూడా ఉంది, విశాఖపట్నం రైలెక్కిస్తే సరిపోయేది.

నిన్న సాయంత్రం మా వారు కాకినాడలో చదువుకుంటున్న హారికకు ఫోన్ చేశారు. నేను వంటింట్లో ఉన్నాను. తలుపు తీసే ఉంది. కాలేజీ, హాస్టలు తిండి, అవన్నీ అడిగారు. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "తాతయ్యకు మతిమరుపేమీ లేదమ్మా. ఎప్పుడూ లేదు" అన్నారు.

అవతల అది ఏమందో నాకు తెలియదు. ఫోను నాకు ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆ ఒక్క మాటను ఈ ఇంట్లో మొదటిసారి ఒక మనిషి గొంతుతో పైకి విన్నాను. స్టవ్ కట్టేసి, అక్కడే పీట మీద కూర్చుండిపోయాను.